దినాలు కాకముందే రాజేసిన పొయ్యి

"గోడ ఇంకా పచ్చిగనే ఉన్నది. దానికి ఆనుకొని కూసోకు."

"ఉన్న గదిని సగం చేస్తివి. ఇగ ఆనుకోనీకి గోడ గాకుంటే ఏమున్నది?"

మా ఆయనా నేనూ చివరిసారి అనుకున్న మాటలు ఇవి. సమ్మెట భుజాన వేసుకుని ఆయన గచ్చిబౌలి గుట్టల వైపు వెళ్లిపోయాడు. ఎండ ఎక్కకముందే అక్కడ ఒక రాతిగుండు ఆయన మీదికి దొర్లింది. మనిషిని రాళ్ల బండి మీద వేసుకుని తెచ్చారు. ఆఖరి మాట కాస్త మంచిగా అని ఉంటే బాగుండేది కదా అని తరువాత చాలామంది నాతో అన్నారు. నాకెప్పుడూ అలా అనిపించలేదు. నేనన్నది నిజం. విన్న మనిషి చచ్చిపోయినంత మాత్రాన నిజం అబద్ధమైపోదు.

ఇది రాస్తున్నది మా చెల్లెలి మనవరాలు. నాకు నా పేరు రాయడం వచ్చు, బస్సు మీద నంబరు చదవడం వచ్చు, అంతే. నా మాటల్ని పుస్తకంలో మాటల్లాగా తిప్పి రాస్తానంది. నీ ఇష్టం అన్నాను. కానీ మనుషులు ఒకరినొకరు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉంచమని గట్టిగా చెప్పాను.

మేము ఒడ్డెర వాళ్లం. రాయి కొట్టడం, బావి తవ్వడం, మట్టి గోడ పెట్టడం మా పని. ఆ రోజుల్లో గచ్చిబౌలి గుట్టల్లో కొట్టిన రాయిని బండ్ల మీద లింగంపల్లి స్టేషనుకు తోలి, అక్కడ రైలు డబ్బాల్లో నింపేవారు. ఆ పని చేసేవాళ్ల కోసం స్టేషను వెనక ఒక షావుకారు వరసగా గదులు కట్టించి కిరాయికి ఇచ్చాడు. మట్టి గోడలు, గూన పెంకు కప్పు, గదికొక తలుపు. చివరి నుంచి రెండోది మాది. పెళ్లయి నేను నేరుగా అడుగు పెట్టింది ఆ గదిలోకే. ఒక మూల పొయ్యి, ఒక మూల నీళ్ల కుండ, మధ్యలో ఇద్దరం కాళ్లు చాపుకుని పడుకున్నా ఇంకా చోటు మిగిలేది. మా వాళ్లలో అంత గది ఉన్నవాళ్లు తక్కువ. నాకు ఆ గదంటే గర్వంగా ఉండేది, ఎందుకు దాచాలి?

అవి రాజ్యం అటూ ఇటూ అవుతున్న రోజులు. ఊళ్లలో ఉండలేక జనం మూటలు నెత్తిన పెట్టుకుని రైలు పట్టాల పక్కకు చేరుతున్నారు. చెట్టు కింద, బండ కింద, స్టేషను అరుగు మీద ఎక్కడ చూసినా మనుషులే. ఒకరోజు షావుకారు వచ్చి మా ఆయనతో నెమ్మదిగా మాట్లాడాడు.

"పాపం, గీ మందికి నీడ లేదుర. ఒక్కొక్క గదిల నడుమ గోడ పెడితే రెండైతయి. పుణ్యముంటది. పని నువ్వే చెయ్యి."

మా ఆయనది మెత్తటి మనసు. పుణ్యం అనగానే కరిగిపోయాడు. వరస మొత్తం ఆయనే గోడలు పెట్టాడు, మట్టి నేనే తొక్కాను, నేనే మోశాను. ఆఖరున మా గదిలో పెట్టి, అవతలి సగానికి వెనక నుంచి ఒక దారి తెరిచాడు. అవతలి సగంలోకి ఒక గొల్ల ముసలామె వచ్చి చేరింది, ఆమెతో పాటు ఒక మేక.

గోడ తడి ఆరకముందే డప్పు వినబడింది. సర్కారు కచేరీలో కమిటీ కూర్చుని ఇళ్ల కిరాయిల మీద ఒక తీర్మానం చేసిందని చాటింపు. ఇక మీదట కాపురం ఉండే ఇంటికి కిరాయి పెంచకూడదు, ఉన్నవాళ్లను వెళ్లగొట్టకూడదు. అయితే ఇల్లంటే ఇటు నాలుగు గజాలు, అటు నాలుగు గజాలు ఉండాలి, లోపల పొయ్యి ఉండాలి. అంతకు తక్కువైతే దాన్ని ఇల్లు అనరు, సామాను పెట్టుకునే కొట్టు అంటారు. కొట్టుకు ఈ కట్టుబాటు వర్తించదు. దాని యజమాని ఎంతైనా అడగవచ్చు, ఎప్పుడైనా ఖాళీ చేయించవచ్చు.

కమిటీలో ఉన్నవాళ్లు చెడ్డవాళ్లని నేను అనను. మనుషుల్ని కోళ్ల గూళ్లలో కుక్కినట్టు కుక్కకూడదనే ఆ కొలత పెట్టి ఉంటారు. కానీ ఆ కొలత సంగతి మాకంటే ముందు షావుకారుకు తెలుసు. కచేరీలో ఆయన మనుషులు ఉన్నారు. పుణ్యం పేరు చెప్పి వరసలో ఉన్న ఇళ్లన్నిటినీ కొట్లు చేసి పెట్టుకున్నాడు. అదీ మా ఆయన చేత, నా చేత.

డప్పు విన్న రోజు మా ఆయన అన్నం తినలేదు. "నా చేతులతోని నా ఇల్లు నేనే లేకుండ చేసుకుంటి" అన్నాడు. మర్నాడే గుండు దొర్లింది.

మాలో మనిషి పోతే ఇంట్లో పొయ్యి వెలగకూడదు. చుట్టాల ఆడవాళ్లు వచ్చి పొయ్యి రాళ్లు తీసి బయట పడేసి, ఆ చోటు పేడతో అలికేస్తారు. దినాలు చేసిన రోజే కొత్త పొయ్యి పెట్టుకోవాలి. అప్పటిదాకా అయినవాళ్లు తెచ్చిందే తినాలి. ఆడదాని గాజులు తీసేది కూడా ఆ దినాల రోజే. మా బావ, అంటే మా ఆయన అన్న, ఊరి నుంచి వచ్చి స్టేషను దగ్గర మా వాళ్ల గుడిసెల్లో దిగాడు. అక్కడి నుంచే నాకు జొన్నరొట్టె పంపేవాడు. గోడ అవతలి ముసలామె మేక పాలు ఒక ముంతలో తెచ్చి గడప బయట పెట్టి, నన్ను తాకకుండా వెనక్కు తిరిగేది. పాలకు మైల లేదట.

ఆ ముసలామెకూ నాకూ మొదటి నుంచీ పడలేదు. నేను పంది కూర వండితే గోడ అవతలి నుంచి తిట్లు.

"గా కంపు జర ఆపుతవా పిల్లా? నా మేక మేత ముడుతలేదు."

"నీ మేక కంపుకు నేను ముద్ద ముడుతలేను అవ్వా. ముందు దాన్ని కడుగు."

ఇలా ఉండేది మా సహవాసం. మా ఆయన ఉన్న ఆ కొద్ది రోజులూ మా మాటలు విని నవ్వుతూ కూర్చునేవాడు.

సరిగ్గా ఆ మైల రోజుల్లోనే షావుకారు కచేరీ గిర్దావరును వెంటబెట్టుకుని వచ్చాడు. గిర్దావరు అంటే కొలతలు చూసి రాసుకునే సర్కారు మనిషి. ఆయన వెంట ఇద్దరు గొలుసు పట్టుకుని గదులు కొలుస్తున్నారు. నేను మూలన ముసుగేసుకుని కూర్చున్నాను. షావుకారు గుమ్మంలోనే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు.

"చిన్నది, సాబూ. మీరే చూస్తున్నరు. పొయ్యి గూడ లేదు" అన్నాడు.

గిర్దావరు అలికిన నేలను చూశాడు. "నిజమేనా అమ్మా? పొయ్యి లేదా?"

"దినాలైనంక పెడతం సాబూ. మా ఇంటాయన పోయిండు."

ఆయన గొలుసు చుట్టేయమని మనుషులకు సైగ చేశాడు. "నేను ఉన్నది చూస్త గాని పెట్టబోయేది చూడలేను గదా. సంత తెల్లారి ఇంకోసారి వస్త. అదే ఆఖరు. మళ్ల ఇండ్ల పట్టీ కచేరిల ఇచ్చేస్త. చెప్పుకునేది ఉంటే అప్పుడు చెప్పుకోండ్రి."

సంతయిన రెండు రోజులకు గాని మా దినాలు రావు. అది షావుకారుకు తెలుసు. తెలిసే గిర్దావరును తెచ్చాడు. శవం లేచిన ఇంట్లో పొయ్యి ఉండదని తెలిసినవాడే ఆ రోజులు చూసి కొలతకు తెస్తాడు. అప్పటిదాకా నాకు ఏడుపు వచ్చేది. ఆ రోజు నుంచి రాలేదు.

సాయంత్రం బావ వచ్చాడు. సంగతి చెప్పాను.

"పోతే పోనీ తియ్యి" అన్నాడు. "దినాలు కాంగనే మూట కట్టుకొని మా ఇంటికి రా. బావి పని ఒప్పుకున్న. మట్టి మొయ్యనీకి ఆడమనిషి కావాలె."

"కూలి ఇస్తవా బావా?"

"ఇంటి మనిషికి కూలేంది? తిండి పెడత, బట్ట ఇస్త. ఇంక నీకేం గావాలె?"

ఆయన చెడ్డవాడు కాదు. ప్రేమగానే అన్నాడు. కానీ మొగుడు పోయి బావ ఇంటికి చేరిన మా పెద్ద ఆడబిడ్డ అక్కడ ఎలా బతికిందో నేను కళ్లారా చూశాను. ఆమె పడుకునేది పశువుల కొట్టంలో. లేవమన్నప్పుడు లేవాలి, తినమన్నప్పుడు తినాలి. ఈ గది ఉంటే నేను రాయి కొట్టుకుని నా బతుకు నేను బతుకుతాను. గది పోతే, ఇక నా జన్మంతా ఆ కొట్టమే. అది నాకు అద్దంలో చూసినట్టు కనబడింది.

బావ వెళ్లాక గోడకు ఆనుకుని కూర్చున్నాను. అవతల నుంచి ముసలామె గొంతు వచ్చింది. అంతా విన్నట్టుంది. గోడ పలచనిది, దాచడానికి వీలు లేదు.

"నన్ను గూడ ఎల్లగొడతరా పిల్లా?"

"నీది గూడ కొట్టే గదా అవ్వా."

"యాడికి పోవాలె? ఊరు ఇడిసిపెట్టి వచ్చిన. మళ్ల మేకను గుంజుకొని యాడ తిరగాలె?" గోడను తట్టి అంది, "గీ గోడ లేకుంటే మనది ఇల్లే గదా."

"గోడ లేకుంటే నీ మేక వచ్చి నా పక్కల పంటది."

"నీ పక్కల ఇప్పుడెవరు పంటున్నరు? మేకన్న పండనియ్యి."

మైలలో ఉన్నదాన్ని, నవ్వకూడదు. నవ్వాను. ఆమె కూడా అవతల నవ్వడం వినిపించింది. మొగుడు పోయాక నేను మొదటిసారి నవ్వింది ఆ మాటకే. ఎవరేమనుకున్నా నాకు దిగులు లేదు.

ఆ తర్వాత గోడ తీసేసే బేరం మొదలైంది. రెండు పొయ్యిలుంటే రెండు ఇళ్లంటారు, అప్పుడు ఏ సగమూ కొలతకు రాదు, కాబట్టి పొయ్యి ఒకటే ఉండాలి. ఒకటే పొయ్యి అంటే ఒకటే కుండ. గొల్ల ఆమె ఒడ్డెర కుండలో ఎలా తింటుంది? అందులోనూ మైల పట్టిన ఇంట్లో?

"పంది ఉడకొద్దు" అంది ఆమె.

"పంది బయట మూడు రాళ్లు పెట్టుకొని వండుకుంట. లోపల జొన్న గటక, పప్పు, గంతే."

"నీ చెయ్యి పెట్టిన ముద్ద నేను తినను. నేనే వడ్డించుకుంట."

"ఎవరొద్దన్నరు? నువ్వు తిన్న ఆకు నువ్వే ఎత్తు."

"నేను చచ్చినంక నా మేకను అమ్మొద్దు."

"నువ్వు ఇప్పుడప్పుడే చస్తవా ఏంది అవ్వా?" అన్నాను. సరే అని కూడా అన్నాను.

సంత మర్నాడు పొద్దున్నే గడ్డపార తీసుకున్నాను. మట్టి గోడ ఆరితే రాయితో సమానం. కానీ అది పచ్చిది. గడ్డపార దించిన చోటల్లా ముద్దగా ఊడి వచ్చింది. కొన్నిచోట్ల ఆయన వేళ్ల గుర్తులు ఉన్నాయి, గోడ మెత్తేటప్పుడు అరచేత్తో రాసిన గుర్తులు. వాటిని చూశాను. చూసి కొట్టాను. ఆగి ఏడిస్తే గిర్దావరు వచ్చే వేళకు గోడ అక్కడే నిలబడి ఉంటుంది. ఆయన బతికి ఉంటే ఆయనే కొట్టి ఉండేవాడని ఇప్పుడు చెప్పుకోవచ్చు. నాకు తెలియదు. ఆయన షావుకారు మాట జవదాటేవాడు కాదు. నేను కొట్టాను, అంతే.

గడ్డపార ఊపుతుంటే నా చేతి గాజులు గోడకు తగిలి పగిలాయి. ఒక చేతివి, తర్వాత రెండో చేతివి. దినాల రోజు పదిమంది ఆడవాళ్లు కూర్చుని తీయాల్సిన గాజులు. ముసలామె చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను మట్టితో పాటు గాజు పెంకులు కూడా తట్టలో ఎత్తి బయట పోశాను.

చప్పుడు విని వరస మొత్తం వచ్చి నిలబడ్డారు. ఒక్కరూ చెయ్యి వేయలేదు, ఒక్కరూ వద్దనలేదు. గోడ అడుగు వరసలో నుంచి వచ్చిన రాళ్లలో మూడు మంచివి ఏరి, గది నడుమ పొయ్యి పెట్టాను. ముసలామె మేకను తలుపు దగ్గర కట్టేసి పుల్లలు తెచ్చింది. నేను నిప్పు రాజేశాను. గదిలో పొగ లేచేసరికి బావ పరుగెత్తుకొచ్చాడు.

"నీకేమన్న పిచ్చి లేసిందా? దినాలు కాకముందే పొయ్యి రాజేసిన ఆడిదాన్ని మా వంశంల ఎప్పుడన్న చూసినమా?"

"ఇప్పుడు చూస్తున్నవ్ గదా బావా. మంచిగ చూడు."

"వానికి తొవ్వ దొరకదే. వాని ఆత్మ గీడనే తిరుగుతది."

"తిరగనియ్యి. తిరిగితే ఇంటి సుట్టే తిరుగుతడు, కొట్టు సుట్టు తిరగడు."

ఆయన ఉమ్మేసి బయట నిలబడ్డాడు. వెళ్లలేదు, లోపలికీ రాలేదు. పొయ్యి మీద గటక, అంటే జొన్నరవ్వ సంకటి, ఉడుకుతుండగా గిర్దావరు వచ్చాడు, వెనక షావుకారు. గుమ్మంలో అడుగు పెట్టగానే షావుకారు మొహం రంగు మారింది.

"నా గోడ యేది?"

"బయట కుప్ప పోసిన. కావాలంటే తోలుకపో" అన్నాను.

"చూసిన్రా సాబూ? దౌర్జన్యం. నా గోడ కూలగొట్టింది."

గిర్దావరు గొలుసు పరిపించాడు. కొలత చూశాడు. "గోడ సంగతి మీరూ మీరూ కోర్టుల తేల్చుకోండ్రి. నేను చూసేది ఇయ్యాల ఉన్నది. కొలతకు సరిపోయింది. పొయ్యి ఉన్నది."

షావుకారు తెలివైనవాడు. కోర్టు అనేసరికి ఆ దారి వదిలేశాడు. కోర్టుకు వెళ్తే, ఉన్న ఇంటిని సగం ఎందుకు చేశావని అడుగుతారు కదా. ఇంకో దారి పట్టాడు.

"సాబూ, ఇది నాటకం. ఆమె ఒడ్డెర, ఈమె గొల్ల. పైనుంచి మైల. ఒక్క పొయ్యి మీద ఎట్ల తింటరు? మీరు ఇట్ల పోతరు, ఇంకో మూలన ఇంకో పొయ్యి లేస్తది. రెండు పొయ్యిలు, రెండు కొట్లు. కాదంటే మీ ముంగట తినమనుండ్రి."

గిర్దావరు ముసలామె వైపు చూశాడు. బయట వరస మొత్తం ఉంది, అందులో ఆమె కులం వాళ్లు కూడా ఉన్నారు. నేను ఆమెను ఏమీ అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు. ఆమె తినకపోతే నేను బావ వెంట ఆ కొట్టానికి వెళ్తాను, ఆమె మేకను పట్టుకుని పట్టాల వెంట వెళ్తుంది. అది ఇద్దరికీ తెలుసు. కానీ కులం అన్నది చిన్న సంగతి కాదు. అప్పుడు అసలే కాదు. ఇది తింటే, రేపు ఆమె చస్తే మోసేవాళ్లు రారు.

ముసలామె లేచింది. చేతులు కడుక్కుంది. తొందర లేదు. మోదుగాకు తెచ్చుకుని, పొయ్యి మీది కుండలో నుంచి గటక తనే తీసుకుని, షావుకారు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలి మింగి నా వైపు తిరిగింది.

"ఉప్పు తక్కువైంది పిల్లా."

ఉప్పు అందించాను. వేసుకుని ఆకు మొత్తం తిన్నది. అందరూ నిలబడే ఉన్నారు. తిన్నాక షావుకారును అడిగింది, "నీకు గూడ పెట్టమంటవా?"

గిర్దావరు మొహం పక్కకు తిప్పుకుని రాసుకున్నాడు. "ఇల్లు. పొయ్యి ఒకటి" అని పైకే చదివాడు. ఇంటి పెద్ద ఎవరని అడిగాడు. మేమిద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. "పెద్దది ఆమెనే, పళ్లు గూడ లేవు" అన్నాను. "మొండిది ఆమెనే, ఆమె పేరు రాయుండ్రి" అని ముసలామె అంది. ఆయన ఇద్దరివీ రాశాడు.

ఆ రోజు సాయంత్రానికి వరసలో ఇంకో రెండు గోడలు పడ్డాయి. మిగతావాళ్లు భయపడ్డారు. మా పక్కన చివరి గదిలో ఉన్న మొగుడూ పెళ్లాలు, ఆ తర్వాత తొందరలోనే, మూట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయారు. ఎక్కడికి వెళ్లారో తెలియదు. ఆ గదిలో షావుకారు చెరకు బెల్లం నిలవ చేశాడు. నేను గెలిచానని ఎవరైనా అంటే ఆ బెల్లం వాసన నాకు గుర్తొస్తుంది.

బావ నన్ను కులంలో నుంచి వెలివేయించాడు. ఎవరి పెళ్లికీ పిలవలేదు, ఎవరి చావుకూ కబురు పెట్టలేదు. దినాలు నేనే చేసుకున్నాను, మేక పాలతో. ముసలామెకు కూడా వాళ్లవాళ్లు నీళ్లు ఇవ్వడం మానేశారు. షావుకారు మనిషి చాలా రోజులు మా కప్పు మీద పొగ ఎన్ని చోట్ల లేస్తుందో చూసిపోయేవాడు. ఒక్క చోటే లేచేది. అలా చూస్తారని తెలిసే మేము ఒక్క కుండలో తినడం నేర్చుకున్నాం. మొదట పంతానికి తిన్నాం. తర్వాత ఎందుకు తిన్నామో ఎవరూ అడగలేదు, మేమూ అనుకోలేదు. పంది కూర మాత్రం బయటే వండుకున్నాను. ఆమె లోపలి నుంచి తిడుతూనే ఉండేది.

ఆమె ఆ గదిలోనే పోయింది. మోయడానికి ఎవరూ రాలేదు. వరసలో ఉన్న రాళ్లు కొట్టే ఆడవాళ్లం మేమే మోశాం. ఆడవాళ్లు పాడె మోయకూడదని ఎవరో అన్నారు. రాళ్లు మోయవచ్చా అని అడిగాను. ఇంటికి వచ్చి పొయ్యి తీయలేదు. ఆ రోజు కూడా వండుకుని తిన్నాను. ఉప్పు సరిపోయింది. ఎంతకాలం ఉండాలనుకున్నానో అంతకాలం ఆ ఇంట్లో ఉన్నాను. నన్ను లేవమన్నవాడు లేడు, నా కిరాయి ఒక్కసారి కూడా పెరగలేదు.

చాలు, ఇక రాయకు. మొదటి నుంచి చదువు బిడ్డా, వింటాను. షావుకారును నేనన్న మాటలు ఎక్కడైనా మెత్తగా చేసి రాశావేమో, చదివితే నాకు తెలిసిపోతుంది. ఊఁ, చదువు.